ప్రార్థనకు ముద్దయిన సేమియా

అరవై ఏళ్లు దాటేదాకా నేను హోటల్లో కూర్చుని ఒక్క ముద్ద తినలేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. బడిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ నా టిఫిన్ డబ్బా నా వెంటే ఉండేది. చర్చి స్త్రీల కూడికలకు హైదరాబాదు పోయేటప్పుడు బస్సు దారిలో ఆగితే, తోటి అక్కచెల్లెళ్లు దిగి ఇడ్లీలు తినేవాళ్లు. నేను కిటికీ పక్కనే కూర్చుని ఇంటి నుంచి కట్టుకొచ్చిన రొట్టె విప్పుకునేదాన్ని. ఉపవాసమా అని కొందరు, కడుపులో బాగాలేదా అని కొందరు అడిగేవాళ్లు. కొత్తగా వచ్చిన ఒక టీచరమ్మ అయితే మాది బాగా మడి ఆచారమున్న ఇల్లనుకుంది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, చేటలో బియ్యం చెరుగుతున్న మా అవ్వ, అంటే మా అమ్మ, చేతులాపి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. మడి పేరు చెప్పి మమ్మల్ని దూరం పెట్టినవాళ్లున్నారు గానీ, మేము మడి కట్టుకున్నది ఎప్పుడు?

ఇది దేవుడు పెట్టిన నియమం కాదు. ఏ లేఖనంలోనూ లేదు. మా నాయిన పెట్టుకున్నది. ఆయన పోయాక కూడా నేను దాన్ని మోస్తూ వచ్చాను, ఆయన గొంగడి భుజాన వేసుకుని తిరిగినట్టు. దించి పక్కన పెట్టే అవసరం కూడా ఎప్పుడూ రాలేదు, మొన్న శ్రీకాంత్ మా ఇంటికి వచ్చేదాకా.

శ్రీకాంత్ సిద్దిపేట బడిలో నా దగ్గర చదువుకున్నాడు. బెంచీ మీద నిలకడగా కూర్చోలేని పిల్లవాడు. చదువు అంతంతమాత్రంగా సాగినా చేతులు మాత్రం ఖాళీగా ఉండేవి కావు. పెద్దయ్యాక గోవాలో ఒక పెద్ద హోటల్లో చేరి, అక్కడ ఇటలీ దేశపు వంటాయన కింద చాలా ఏళ్లు పనిచేశాడట. ఇప్పుడు భార్యతో తిరిగొచ్చి, చంద్లాపూర్ పోయే దారిలో, రంగనాయక సాగర్ చూడ్డానికి పోయేవాళ్లు ఆగే చోట ఒక రెస్టారెంట్ తెరిచాడు. అందులో పాస్తా తప్ప వేరేది దొరకదు. ఆదివారం ఆరాధన ముగించుకుని నేను ఇల్లు చేరేసరికి గేటు ముందు నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, "టీచర్, మీరు రావాలె. ఊరంత వచ్చినా మీరు రాకపోతే నాకు తృప్తి ఉండది" అన్నాడు. చూద్దాంలే బిడ్డా అన్నాను. మంచినీళ్లు ఇస్తే గ్లాసు మొత్తం తాగి, వంటింట్లోకి తనే పోయి కడిగి బోర్లించి వెళ్లాడు.

ఆ గ్లాసును నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. శ్రీకాంత్ వీరేశం మనవడు. ఆ సంగతి అతను ఏడో తరగతిలో చేరిన రోజే నాకు తెలుసు. మీ ఊరేదని అడిగితే మా ఊరి పేరే చెప్పాడు, తాత హోటల్ నడిపేవాడన్నాడు. నాదీ అదే ఊరని నేను చెప్పలేదు. ఆ పూట పాఠం చెబుతూ ఆ పిల్లవాడి ముఖంలో వాళ్ల తాత ముక్కు కనబడితే చూసి మళ్లీ బోర్డు వైపు తిరిగాను.

మా ఊరు బెజ్జంకి అవతల. నాయిన అక్కడ సంఘ ఉపదేశి. అంటే, పాస్టరుగారు నెలకోసారి వచ్చే పల్లెల్లో మిగతా రోజులన్నీ మందను కాచేవాడన్నమాట. జ్వరమొచ్చిన ఇంట్లో ప్రార్థన, పురుడొచ్చిన ఇంట్లో ప్రార్థన, పొద్దంతా కాలినడక. ఊరి మొదట్లో బస్సు ఆగే చోట వీరేశం హోటల్ ఉండేది. రేకు పరిచిన పొడుగాటి బల్ల, రెండు వైపులా బెంచీలు, ముందర పెద్ద మట్టి పొయ్యి. పల్లినూనెలో మిర్చీలు వేగే వాసన మా వాడ దాకా వచ్చేది. లోపల బల్ల మీద కూర్చునేవాళ్లకు గాజు గ్లాసులు. మా వాడ వాళ్లకు గ్లాసులు బయట, చూరు కింద వెదురు బద్దకు గుచ్చి ఉండేవి. ఎవరి గ్లాసు వాళ్లు తీసుకుని, కడుక్కుని, కింద కూర్చుంటే పైనుంచి పోసేవాళ్లు. వీరేశం చెడ్డవాడని నేను రాయలేను. నాయినను పంతులూ అని పిలిచేవాడు, మా ఇంట్లో ఎవరికి బాగాలేకున్నా అడిగి తెలుసుకునేవాడు. ఎండలో నడిచొస్తున్న నాయినను చూస్తే తనే కేక వేసి, చూరు కింద గ్లాసు చూపించి, చాయ్ తాగి పొమ్మనేవాడు. నాయిన ప్రతిసారీ నవ్వి, ఇంటికి పోయి తాగుతానని చెప్పి నడిచేవాడు.

ఒకనాడు పక్క ఊళ్లో ప్రార్థన నుంచి తిరిగొస్తూ నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆ పొయ్యి ముందర ఆగిపోయాను. మిర్చీలు అప్పుడే తీస్తున్నారు. ఏడవలేదు గానీ కదలలేదు. నాయిన నా ఎత్తుకు వంగి, "ఆకలైతే ఇంటికి పోదాం బిడ్డా. ఆ బల్ల మీద మనకు జాగ ఇచ్చి పిలిచిన నాడు లోపలికి పోయి కూసుందాం" అన్నాడు. కోపంగా అనలేదు. రేపు ఎండ కాస్తుంది, వడ్లు ఆరబోద్దాం అన్నట్టు అన్నాడు.

బల్ల అనే మాట మా ఇంట్లో తేలిక మాట కాదు. నెలకోసారి పాస్టరుగారు వచ్చిన ఆదివారం ప్రభువు బల్ల ఉండేది. తెల్లగుడ్డ పరిచిన బల్ల ముందు అందరూ మోకాళ్లూనితే, ద్రాక్షారసం పోసిన ఒకే గిన్నె ఒకరి పెదవి నుంచి ఇంకొకరి పెదవికి నడిచేది. కుష్ఠు మానిన ముసలాయన తాగినదాంట్లోనే నాయిన తాగేవాడు, ఆయన తాగినదాంట్లోనే కొత్త కోడళ్లు తాగేవాళ్లు. ఆదివారం అందరితో ఒకే గిన్నెలో తాగినవాడు సోమవారం చూరుకు గుచ్చిన గ్లాసు ఎట్లా అందుకుంటాడు? ఆయన ఇది ఎవరికీ బోధించలేదు. వాడలో మిగతావాళ్లు అక్కడ చాయ్ తాగితే తప్పు పట్టలేదు. తను మాత్రం తాగలేదు, ఆ బల్ల పిలిచేదాకా ఇంకే హోటల్ బల్ల దగ్గరా కూర్చోలేదు.

హోటల్ తిండి లేని లోటు మాకు తెలియకుండా చేసింది అవ్వ. ముఖ్యంగా ఎండాకాలం సేమియాలతో. సంఘానికంతా కలిపి ఒక సేమియా మిషన్ ఉండేది, ఇనుపది, పక్కన తిప్పే పిడి. అది ఉపదేశి ఇంట్లో ఉండాలని పెద్దలు తీర్మానించారు కాబట్టి మా మంచం కింద ఉండేది. ఎండలు ముదరగానే ఇల్లిల్లూ తిరిగేది. ఈ రోజు ఎవరి ఇంట్లో మిషన్ అంటే వాడలో ఆడవాళ్లంతా ఆ ఇంట్లో. గోధుమపిండి గట్టిగా పిసికి, తడిగుడ్డ కప్పి పెట్టి, మిషన్‌ను మంచం పట్టెకు మరతో బిగించేవాళ్లు. ఒకరు పిండి ముద్దలు వేస్తే ఒకరు పిడి తిప్పేవాళ్లు, ఇంకొకరు కింద దిగే పోగులను రెండు చేతులతో అందుకుని, ఉతికిన ధోవతి పరిచిన మంచం మీద ఆరబెట్టేవాళ్లు. పని సాగినంతసేపూ ఒకామె కీర్తన ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. పిడి తిప్పే చేతికి ఆ పాటే ఊపు. మేకలు రాకుండా చూడ్డం పిల్లల పని. ఎండిన సేమియాలో మొదటి దోసెడు కోతపండుగ నాడు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకని పక్కన పెట్టి, తర్వాతే ఎవరి కుండల్లోకి వాళ్లు ఎత్తుకునేవాళ్లు. ఎండిన పిండి వాసన, ఎండకు కాలిన నులక వాసన, ఆడవాళ్ల కొప్పుల్లోని నూనె వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఇప్పటికీ వేసవి.

పాయసం పండుగలకే. మామూలు రోజుల్లో అవ్వ సేమియాలను ఉప్పునీళ్లలో ఉడకబెట్టి వంచి, నూనెలో ఎల్లిగడ్డ రెబ్బలు దంచి వేసి, ఎండు మిరపకాయ తుంచి వేసి, అందులో తిప్పేది. పొయ్యి మీది నుంచి దించగానే పోగు పోగు విడివిడిగా మెరుస్తూ ఉండేవి. ఆ క్షణంలో తింటే దాని రుచి ఏమిటో నాకు తెలియదు. ఎందుకంటే ఎప్పుడూ తినలేదు. ముందు ప్రార్థన ఉండాలి.

నాయిన ప్రార్థన పొడుగు. కంచాల ముందు మేము నలుగురం కూర్చునేవాళ్లం. నాయిన, అవ్వ, నేను, తమ్ముడు దానియేలు. కళ్లు మూసుకోవాలి, చేతులు జోడించాలి. దేశాన్ని ఏలేవాళ్లతో మొదలుపెట్టేవాడు. వానలు, పంటలు, దవాఖానలో ఉన్నవాళ్లు, వాడలో ఇంటింటి పేరు, విధవరాండ్రు, పరీక్షలు రాసే పిల్లలు. అన్నిటి చివర, ఇక అయిపోయిందని దానియేలు ఒక కన్ను తెరిచే సమయానికి, వీరేశం వచ్చేవాడు. "వీరేశాన్ని, ఆయన భార్యను, వాళ్ల కడుపున పుట్టినోళ్లను, పుట్టినోళ్లకు పుట్టబోయేటోళ్లను దీవించు తండ్రీ. వాళ్ల పొయ్యి ఆరకుండ చూడు." ఆమేన్ అనేసరికి సేమియా కంచంలో ఒకే ముద్ద అయిపోయేది. తుంచి తినాలి. అవ్వ ఒకసారి ఉండబట్టలేక, "ఆయన పొయ్యి ఆరకుండ చూడమని అడిగినవ్ మంచిగనే ఉన్నది. మన సేమియా సల్లారినంక ఆమేన్ అన్నవ్" అన్నది. నాయిన ముద్ద తుంచుతూ, సల్లగైనా దేవుడు ఇచ్చిందే కదా అన్నాడు. దేవుడు వేడిగనే ఇచ్చిండు అన్నది అవ్వ.

నాకు మాత్రం ఆ పేరు విన్నప్పుడల్లా కోపం వచ్చేది. మనల్ని లోపలికి పిలవనివాడి కోసం మన కూడు ఎందుకు చల్లారాలి? ఒకరోజు అడిగేశాను. నాయిన ఆలోచించి, "మనోళ్ల పేర్లు అడగకున్నా నోట్లకు వస్తయ్ బిడ్డా. గాయిన పేరు రోజూ చెప్పకపోతే రాదు" అన్నాడు. పగవాడి కోసం ప్రార్థించమన్న వాక్యం ఆదివారం బడిలో మాకు కంఠతా వచ్చు. తప్పు లేకుండా అప్పజెప్పి బహుమానం కూడా తీసుకున్నాను. అది ఎట్లా ఉంటుందో మాత్రం ముద్దయిన సేమియా ముందు కూర్చుని నేర్చుకున్నాను, చాలా ఆలస్యంగా.

తర్వాత కాలం మారింది. నేను కాలేజీకి వచ్చేసరికి చూరు కింద గ్లాసులు లేవు. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో ఎవరూ చెప్పుకోలేదు. వీరేశం మంచాన పడ్డాడు, రోడ్డు వెడల్పులో హోటల్ పోయింది. గ్లాసులు పోయాయి గానీ, ఇన్నాళ్లూ బయట నిలబెట్టాం, లోపలికి రా పంతులూ అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆ మాట వినకుండానే నాయిన ప్రభువులో నిద్రించాడు. చివరి రోజుల్లో జావ తాగించబోతే, అప్పుడు కూడా ముందు ప్రార్థన చేశాడు. గొంతు సగం పోయినా ఆ పేరు మాత్రం స్పష్టంగా పలికాడు.

అందుకే శ్రీకాంత్ పిలుపు నాకు అంత తేలిగ్గా లేదు. వీరేశం ఇంటి నుంచి పిలుపు వచ్చింది, నిజమే. కానీ అతను పిలిచింది టీచర్‌ను. వాడలో ఉపదేశి బిడ్డనని తెలిసి పిలిచాడా? తెలిసినా పిలుస్తాడా? తెలియకుండా పోయి కూర్చుంటే అది నాయిన చెప్పిన జాగ అవుతుందా? రెండు రోజులు ఈ ఆలోచనతోనే తిరిగాను. దానియేలు మా వీధి చివరే ఉంటాడు, బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యాడు, హోటల్ చాయ్ లేకుండా వాడికి తెల్లవారదు. విషయం చెబితే వినీ వినగానే, "అక్కా, నాయిన పిలిస్తె పోదామన్నడు గద. పిలిచిన్రు. ఇంగ నీకేం కావాలె, బ్యాండు మేళమా?" అన్నాడు. వాడు చిన్నప్పుడు కళ్లు తెరిచి ప్రార్థన చేసినవాడు. అయినా ఆ మాట నిజం. నేనెవరో ఆ బల్ల దగ్గరే చెబుతాను, చెప్పాక ఎట్లా ఉంటే అట్లా అనుకుని బయల్దేరాను.

దానియేలూ నేనూ పొద్దు వాలే వేళకు పోయాం. రిజర్వాయర్ చూసి తిరిగొచ్చే కుటుంబాలతో ముందర బండ్లు నిండి ఉన్నాయి. లోపల అద్దం అవతల వంట కనబడుతుంది. శ్రీకాంత్ మమ్మల్ని చూసి పిండి చేతులతోనే బయటికొచ్చి, నడిమి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. నేను బల్ల మీద అరచెయ్యి ఆనించి చూసుకున్నాను. నున్నటి కట్టె. చుట్టూ ఎవరెవరో తింటున్నారు. బురఖా వేసుకున్న ఒక తల్లి తన పిల్లకు ఫోర్కు పట్టడం నేర్పుతోంది, పక్కన పంచె కట్టిన ఒక పెద్దాయన చేత్తోనే కానిస్తున్నాడు. ఎవరూ ఎవరినీ చూడ్డం లేదు. నాయిన ఈ ఒక్క దృశ్యం చూస్తే చాలుననిపించింది.

అద్దం అవతల బండ అంచుకు మరతో బిగించిన ఒక చిన్న మిషన్ ఉంది. శ్రీకాంత్ భార్య పిండి పట్టీని అందులో వేసి పిడి తిప్పుతుంటే కింద నుంచి పోగులు దిగుతున్నాయి. ఆమె వాటిని రెండు చేతులతో అందుకుని పిండి చల్లిన పళ్లెంలో పరుస్తోంది. నేను దానియేలు మోచేయి పట్టుకున్నాను. వాడు కూడా అదే చూస్తున్నాడు. "మేకలను ఎవరు కొడుతున్రో" అన్నాడు మెల్లగా.

మెనూ కార్డులో ఉన్న పేర్లు దానియేలు కూడబలుక్కుని చదవబోయి ఊరుకున్నాడు. టమాటాది, పాల మీగడది, జున్ను లాంటిదేదో తురిమి పోసేది, చాలా ఉన్నాయి. శ్రీకాంత్ కార్డు పక్కన పెట్టి, అన్నింట్లో సాదాది తనే చేసిస్తానన్నాడు. ఎల్లిగడ్డ, ఎండు మిరప, నూనె, అంతే. ఆ దేశంలో ఇంట్లో ఏమీ లేని రోజు చేసుకునేది అదేనట. మా ఇంట్లో కూడా అంతేనని నేను అనలేదు. పొయ్యి మీద పెనం ఎగరేస్తుంటే మంట లేచి అతని ముఖం ఎర్రగా కనబడింది, ముక్కుతో సహా. తనే రెండు పళ్లేలు పట్టుకొచ్చి ముందర పెట్టి, ఇది ఆగదు టీచర్, వేడి మీదనే తినాలె అన్నాడు. పోగు పోగు విడివిడిగా మెరుస్తోంది. ఎల్లిగడ్డ వాసన ముఖానికి కొట్టింది.

నా చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. ఒక్క మాటలో ముగిద్దామనే అనుకున్నాను. కానీ నాయిన నేర్పిన ప్రార్థనకు పొట్టి దారి లేదు. దేశం, వానలు, దవాఖానలో ఉన్నవాళ్లు, సంఘంలో ఇంటింటి పేరు, ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఎదురుగా దానియేలు గొంతు సవరించుకోవడం వినబడింది. ఆగలేదు. చివరికి వచ్చాక, నేను వెతుక్కోకుండానే, పైకే, వచ్చేసింది. "వీరేశాన్ని, ఆయన కడుపున పుట్టినోళ్లను, పుట్టినోళ్లకు పుట్టినోళ్లను దీవించు తండ్రీ. వాళ్ల పొయ్యి ఆరకుండ చూడు." ఆమేన్ అని కళ్లు తెరిస్తే శ్రీకాంత్ అక్కడే నిలబడి ఉన్నాడు, నడుముకు కట్టుకున్న గుడ్డలో చేతులు చుట్టుకుని.

"టీచర్, మా తాత పేరు మీకెట్ల ఎరుక?" అన్నాడు.

చెప్పాను. మా ఊరు, మా వాడ, నాయిన, చూరు కింద గ్లాసులు, ఇంటికి పోయి తాగుతానన్న మాట, రోజూ కూటికి ముందు చేసిన ప్రార్థన. గొంతు పెంచలేదు, దాచుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, తలెత్తి అతని ముఖంలోకి చూశాను. ఈ బల్ల మీద జాగ నాకా, టీచర్‌కా అన్నది ఇక అతనే చెప్పాలి.

అతను గుడ్డలోంచి చేతులు బయటికి తీసుకున్నాడు. "గ్లాసుల ముచ్చట మా నాయిన చెప్పిండు టీచర్" అన్నాడు. "ప్రార్థన ముచ్చట ఎవరూ చెప్పలే."

ఆ తర్వాత అతని చూపు పళ్లెం మీద పడింది. నా పాస్తా ఒకే ముద్దయి కూర్చుంది. వంటవాడికి అది చూస్తే ప్రాణం పోతుంది కాబోలు, వెంటనే పళ్లెం అంచు పట్టుకుని, మళ్ల చేసుకొస్త ఆగుండ్రి అన్నాడు. నేను పళ్లేన్ని నా వైపు లాక్కున్నాను.

"వద్దు బిడ్డా. మా ఇంట్ల ఎప్పుడు గిట్లనే తిన్నం."

ముందు నవ్వింది దానియేలు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చిన్నప్పుడు ప్రార్థన మధ్యలో నవ్వినట్టు. నేను ఫోర్కు పక్కన పెట్టి, వేళ్లతో ఒక తునక తుంచి నోట్లో పెట్టుకున్నాను. ఎల్లిగడ్డ, మిరప, చల్లారిన గోధుమ. అవ్వ చేతిది కాదు, కానీ దాన్ని ఎరిగినట్టే ఉంది. శ్రీకాంత్ పక్క బల్ల దగ్గరి కుర్చీ లాక్కొచ్చి నన్ను ఆనుకుని కూర్చున్నాడు. అడగలేదు. నా పళ్లెంలో చెయ్యి పెట్టి, నేను తుంచిన చోటనే ఇంకో తునక తుంచి నోట్లో వేసుకున్నాడు. నిదానంగా నమిలి, ఉప్పు కొంచెం తక్కువైందన్నాడు. నేను పళ్లేన్ని మా ఇద్దరి మధ్యకు జరిపాను. అద్దం అవతల అతని భార్య ఇంకెవరికోసమో పెనం పెట్టింది. పొయ్యి మండుతూనే ఉంది.